రిజర్వేషన్ అంటే రైలు టికెట్ కాదు: చిప్పెవా ఊళ్లకు వెళ్లి వచ్చినవారు చెప్పండి

కోనసీమ కోడలు (జూలై)
మేము మినియాపొలిస్‌లో ఉంటాం. మామయ్యగారు సెప్టెంబరు నెలాఖరు దాకా మా దగ్గరే ఉంటారు. నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. ఇక్కడి చెరువుల్లో ఎవరూ నాటకుండానే మొలిచే బియ్యం ఉందని, అమెరికా ఆదివాసీ తెగ అయిన చిప్పెవా వాళ్లు పడవల్లో వెళ్లి దులుపుకొస్తారని ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఒకటే మాట, "ఆ రిజర్వేషన్‌కి తీసుకెళ్లమ్మా" అని. రిజర్వేషన్ అంటే ఇక్కడ ఆదివాసీ తెగకు కేటాయించిన భూమి. ఆ మాట అనగానే మా అత్తయ్యగారు రైలు టికెట్లు అనుకుని, ఎంతమందికి చేయిస్తున్నావని అడిగారు. బయటివాళ్లు వెళ్లవచ్చా? ముందుగా ఎవరినైనా అడగాలా?

డులూత్ దారి
వెళ్లవచ్చండి. ముందు పేరు సంగతి. చిప్పెవా, ఓజిబ్వే రెండూ ఒకటే మాట, పలకడంలో మారిపోయింది. ఒప్పంద పత్రాల్లో చిప్పెవా అని ఉంటుంది. వాళ్లు తమను అనిషినాబే అని చెప్పుకుంటారు. మిచిగన్, విస్కాన్సిన్, మినెసోటా, ఉత్తర డకోటాలలో ఎన్నో రిజర్వేషన్లు ఉన్నాయి, ఒక్కోదాని పద్ధతి ఒక్కోటి.

నేను రెండుసార్లు వెళ్లింది గ్రాండ్ పోర్టేజ్. డులూత్ నుంచి సుపీరియర్ సరస్సు ఒడ్డునే 61వ నంబరు రోడ్డు పట్టుకుని పైకి పోతే కెనడా సరిహద్దు దగ్గర వస్తుంది. అక్కడి పీజన్ నది చివరి ఇరవై మైళ్లు జలపాతాలు, సుడులే, పడవ నడవదు. అందుకని పడవలు దించి, సామాను మోసుకుంటూ ఎనిమిదిన్నర మైళ్లు అడవిలో నడిచేవారు. ఆ దారి ఓజిబ్వేలది. తరువాత ఉన్ని వ్యాపారం చేసే కంపెనీల కూలీలు అదే దారిలో తలా రెండు మూటలు, ఒక్కోటి తొంభై పౌన్లు, వీపున వేసుకుని నడిచారు. నేను నీళ్ల సీసా, రెండు అరటిపండ్లు పట్టుకుని మూడు మైళ్లకే కూలబడ్డాను. దోమల గురించి చెప్పను, చెబితే మీరు వెళ్లరు.

మిడ్‌వెస్ట్ మామయ్య
పైన తమ్ముడు చెప్పినదానికి ఒక సవరణ. అది ఉన్ని కాదు, బీవర్ అనే నీటి జంతువు తోళ్ల వ్యాపారం. యూరప్‌లో టోపీలకు వాడేవారు.

పెద్దవాళ్లతో వెళ్తే ఆ అడవి దారి వద్దు. పక్కనే గ్రాండ్ పోర్టేజ్ స్టేట్ పార్కులో 120 అడుగుల జలపాతం ఉంది. అర మైలు చదునైన బాట, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. పేరుకు స్టేట్ పార్కే కానీ ఆ భూమి రాష్ట్రానిది కాదు, గ్రాండ్ పోర్టేజ్ తెగది. ఇంకో హెచ్చరిక: పార్కు మలుపు దాటి పొరపాటున ముందుకు పోతే నేరుగా కెనడా కస్టమ్స్ వరుసలో ఉంటారు. వీసా మీద ఉన్నవాళ్లు జాగ్రత్త. అక్కడ ఫోను కెనడా టవర్ పట్టుకుని గడియారం ఒక గంట ముందుకు దూకుతుంది. మా ఇంట్లో ఆ గంట గురించి ఇప్పటికీ తగవే.

గజ్జెల సవ్వడి
ఆగస్టు రెండో వారాంతంలో గ్రాండ్ పోర్టేజ్‌లో పౌవావ్, అంటే ఆదివాసీల ఆటపాటల వేడుక, జరుగుతుంది, దానికి వెళ్లండి. మధ్యలో డప్పు, చుట్టూ కూర్చుని పాడేవాళ్లు, వాళ్ల చుట్టూ నాట్యం. ఆడవాళ్ల జింగిల్ దుస్తుల నాట్యం ఓజిబ్వేల దగ్గరే పుట్టింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో, జబ్బుపడిన కూతురి కోసం ఒక తండ్రికి కలలో కనిపించిందని చెబుతారు. పొగాకు డబ్బాల మూతలను గొట్టాల్లా చుట్టి దుస్తులకు కుట్టేవారు. వినడానికి మన గజ్జెల్లా ఉండదు. రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు ఉంటుంది.

నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. నాట్యం చేస్తున్న ఒకాయన ఒంటి మీదినుంచి గద్ద ఈక జారిపడింది. డప్పు ఆగిపోయింది, అందరూ లేచి నిలబడ్డారు. నేను ఫోను ఎత్తాను. పక్కనున్న పెద్దావిడ ఏమీ అనకుండా తన చేయి నా ఫోను మీద పెట్టి కిందికి దించింది. అంతే. ఆ ఈకను తిరిగి ఎత్తుకోవడం ఒక క్రతువు, దాన్ని ఫోటో తీయకూడదు. దుస్తులను వేషం అనకండి, ముట్టుకోకండి. వలయం పక్కన ఉన్న బెంచీలు నాట్యం చేసేవారివి, మన కుర్చీలు మనమే తెచ్చుకోవాలి. మైకులో అందరినీ రమ్మని పిలిచినప్పుడు మాత్రం సిగ్గుపడకుండా వెళ్లి అడుగులు వేయవచ్చు.

చేదు నిజం
అందరూ ఇంతగా పొగుడుతున్నారు కానీ, నేను ఒక రిజర్వేషన్ మీదుగా కారులో వెళ్లాను. ఒక కాసినో, పెట్రోలు బంకు, మామూలు ఇళ్లు. ఇందులో చూడటానికి ఏముంది?

మిడ్‌వెస్ట్ మామయ్య
చూడటానికి ఉన్న ఊరు కాదు బాబూ, జనం బతుకుతున్న ఊరు. హైవే మీద పోతూ కారు అద్దంలోంచి చూస్తే అమలాపురం కూడా పెట్రోలు బంకే. పైగా 1887 నాటి చట్టంతో ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పంచారు, చాలా భాగం బయటివాళ్ల చేతికి పోయింది. అందుకే చాలాచోట్ల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. మినెసోటాలోని రెడ్ లేక్ రిజర్వేషన్ వాళ్లు ఆ పంపకానికి ఒప్పుకోలేదు. అక్కడ భూమి నేటికీ తెగ మొత్తానికీ ఉమ్మడి. తెగ సభ్యుడు కానివాడు వాళ్ల అనుమతి లేకుండా ఆ నీళ్లలో గాలం వేయకూడదు.

సరస్సు గాలి
విస్కాన్సిన్ వైపు రెడ్ క్లిఫ్ రిజర్వేషన్‌లో ఫ్రాగ్ బే ఉంది. చేజారిన భూమిని తెగ తిరిగి సంపాదించుకుని, 2012లో గిరిజన జాతీయ పార్కుగా తెరిచింది. దేశంలో అదే మొదటిది. అడవిలో చెక్కబాట, చివర ఇసుక తీరం, ఎదురుగా అపోసిల్ దీవులు. మేము వెళ్లిన రోజు ఒడ్డున మేమే ఉన్నాం. మా అబ్బాయి ఒక గులకరాయి జేబులో వేసుకుంటే మా ఆవిడ వెనక్కి పెట్టించింది.

కోనసీమ కోడలు (సెప్టెంబరు)
వెళ్లి వచ్చాం! పౌవావ్‌కి కుదరలేదు. ఊరికి దగ్గరని మిల్ లాక్స్ రిజర్వేషన్‌లోని ఇండియన్ (ఆదివాసీల) మ్యూజియానికి వెళ్లాం. బియ్యం కోత గురించి అక్కడివారే ఓపికగా చెప్పారు. పడవలో ఒకరు నిలబడి చివర చీలిన గడతో తోస్తారు. ఇంకొకరు కూర్చుని ఒక కర్రతో కంకులను పడవ మీదికి వంచి, రెండో కర్రతో మెల్లగా తడతారు. పండిన గింజలే రాలతాయి, పచ్చివి ఆగుతాయి, నీళ్లలో పడ్డవి వచ్చే ఏటి పంట. మామయ్యగారు ఇది రెండుసార్లు చెప్పించుకున్నారు.

తిరుగు దారిలో ఒక ఇంటి ముందు బియ్యం అమ్ముతామని బోర్డు. అడిగి లోపలికి వెళ్లాం. ఇనుప బాణలిలో గింజలు వేయించి, పడవ తెడ్డుతోనే కలుపుతున్నారు. తరువాత మెత్తటి తోలు చెప్పులతో గుంటలో తొక్కుతారు. చివరికి భూర్జ బెరడుతో చేసిన వెడల్పాటి తట్టలో వేసి ఎగరేస్తారు. మామయ్యగారు నా వైపు తిరిగి, "ఇది తూర్పారబట్టడం కాదమ్మా, చెరగడం" అన్నారు. ఆ ఇంటాయనకు అది ఎలా చెప్పాలో తెలియక నేను చేత్తో చూపించాను. ఆయన తట్ట మామయ్యగారి చేతికి ఇచ్చారు. రెండుసార్లు ఎగరేసేసరికి పొట్టు సగం మామయ్యగారి చొక్కా మీద, గింజలు కొన్ని గడ్డిలో. "మీ అత్తయ్య ఉంటే తిట్టేది" అన్నారు. ఇంటాయన పడీపడీ నవ్వారు. వచ్చేటప్పుడు మీగ్వెచ్ అని చెప్పాను, అంటే ధన్యవాదాలు.

రెండు పౌన్లు కొన్నాం. కుక్కర్‌లో మూడు విజిల్స్ పెట్టాను, గుజ్జయింది. ఎలా వండాలి?

డులూత్ దారి
అయ్యో, కుక్కర్ వద్దండి! దుకాణాల్లో దొరికే నల్లటిది మడుల్లో సాగు చేసింది, దానికి గంట దాకా పడుతుంది. చేత్తో కోసిన సరస్సు బియ్యం గోధుమరంగులో ఉంటుంది, తొందరగా ఉడుకుతుంది. గిన్నెలో ఎక్కువ నీళ్లు పోసి మరిగించండి, ఇరవై నిమిషాలకు గింజ విచ్చుకుంటుంది, వార్చేయండి. మేము దానితో నిమ్మకాయ పులిహోర చేస్తాం.

గజ్జెల సవ్వడి
ఇంగువ కొంచెం తగ్గించండి. ఆ గింజకు వేయించిన పొగ వాసన ఉంటుంది, అది పోతుంది.