చర్చ: రాత్రిపూట క్యాజువాలిటీ రద్దీ ఫోన్లో నర్సు సలహాతో తగ్గుతుందా?

ఎంవీపీ కాలనీ అమ్మ: మొన్న ఆదివారం రాత్రి మా బాబుకి 102 జ్వరం. టెన్షన్ పడి ఒక పెద్దాసుపత్రికి పరిగెత్తాం. మూడు గంటలు కూర్చున్నాక డాక్టరుగారు చూసి, పారాసిటమాల్ సిరప్ ఎంత పోయాలో చెప్పి పంపించేశారు. మాలాంటివాళ్లు పదిమంది దాకా ఉన్నారక్కడ. ఇంగ్లండులో 1998లోనే నర్సులు ఫోన్లో సలహా చెప్పే సర్వీసు పెట్టారు, ఇప్పుడది 111 నంబరు. మనకూ ఫోన్లో ఆరోగ్య సలహా చెప్పే 104 ఉంది, వీడియోలో డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని ఉంది. అర్ధరాత్రి కూడా నర్సు పలికేలా వీటిని గట్టిగా నడిపితే సగం మంది ఇంట్లోనే ఉండిపోరా?

గాజువాక: నేను ఒప్పుకోనండీ. మా నాన్నగారికి షుగర్. రెండేళ్ల కిందట ఒక రాత్రి పొట్టపైన బరువుగా ఉందన్నారు. ఫోన్ సలహా ఇచ్చే ఒకచోట అడిగితే గ్యాస్ అని మాత్ర చెప్పారు. తెల్లారి ఈసీజీ తీస్తే హార్ట్ ఎటాక్. ప్రాణం దక్కింది గానీ, ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ రాత్రి ఆయన బనియన్ చెమటకి తడిసి ముద్దయింది. అది ఫోన్లో ఎవరికి కనిపిస్తుంది?

క్యాజువాలిటీ సిస్టర్: గాజువాక బాబుగారూ, చదువుతుంటే బాధేసింది. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. "షుగర్ ఉందా? చెమటలు పడుతున్నాయా?" ఈ రెండూ అడిగి ఉంటే అక్కడే 108 పిలవమనేవారు. ఫోన్లో కూర్చునే నర్సుకి అనుభవం ఒక్కటే చాలదు, వరుసగా అడగాల్సిన ప్రశ్నలు రాసిపెట్టి ఉండాలి. ఏ కొంచెం అనుమానమున్నా రమ్మనాలి.

నేనైతే ముందు గుమ్మం దగ్గర నర్సు కావాలంటాను. మా దగ్గర అరిచేవాళ్లకి స్ట్రెచర్ ముందు దొరుకుతుంది. ఒకసారి బండి మీంచి జారిపడ్డ కుర్రాడు తనే నడిచొచ్చి బెంచీ మీద నెమ్మదిగా కూర్చున్నాడు. పక్కనుంచి వెళ్తూ చెయ్యి పట్టుకుంటే చల్లగా మంచుముక్కలా ఉంది, నాడి 130. లోపల ప్లీహం చిట్లి రక్తం కారిపోతోంది. బీపీ మెషినూ, పల్స్ ఆక్సీమీటరూ, గ్లూకోమీటరూ ఉన్న ఒక బల్ల వేసి, ఎవరిని ముందు చూడాలో తెలిసేలా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీటీలిస్తే అలాంటివాడు వరసలో మిగిలిపోడు.

అమ్మా, ఇంకో మాట. మీ బాబు జ్వరం వల్ల మా స్ట్రెచర్లు నిండవు. అడ్మిషన్ రాసేశాక కూడా పైన వార్డులో బెడ్ ఖాళీ లేక కిందే ఉండిపోయినవాళ్లతో నిండుతాయి. పొద్దున రౌండ్స్‌లో రాసిన డిశ్చార్జి కాగితం సాయంత్రానికి గానీ కదలదు. కెనడాలో ఒంటారియో ఆసుపత్రుల మీద 2007లో వచ్చిన అధ్యయనం కూడా ఇదే తేల్చింది: చిన్న జబ్బులవాళ్లు పదిమంది ఎక్కువొచ్చినా మిగతావాళ్లకి పెరిగే ఆలస్యం కొద్ది నిమిషాలే.

ఎంవీపీ కాలనీ అమ్మ: అయితే ఫోన్ సలహా దండగంటారా సిస్టర్ గారూ?

క్యాజువాలిటీ సిస్టర్: లేదమ్మా. మీకు ఆ రాత్రి నిద్ర మిగిలేది, అదీ చిన్న విషయం కాదు. మా రద్దీకి మాత్రం మందు అది కాదు.

పాడేరు వైపు టీచర్: మాకు వైజాగ్ రావాలంటే ఘాట్ దిగి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం, ఒకరోజు కూలి పోతుంది. కొన్ని ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. అలాంటిచోట ఫోన్ నంబరు ఇచ్చి ఏం లాభం? విలేజ్ క్లినిక్‌లో సిస్టర్ రోగి పక్కనే కూర్చుని, బీపీ చూసి, ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడించే పద్ధతి మాకు పనికొస్తుంది. గాజువాక అన్న చెప్పిన చెమట ఆమె కంటికి కనపడుతుంది కదా.

గాజువాక: అలా పక్కన మనిషి ఉంటే నాకూ సమ్మతమే. సిస్టర్ గారూ, ఆ ప్రశ్నలు తెలుగులో రాసి ఇక్కడ పెడతారా? మా అమ్మకీ షుగరే.

క్యాజువాలిటీ సిస్టర్: రేపు నైట్ డ్యూటీ దిగాక రాస్తాను బాబూ. ఈలోగా అమ్మగారికి ఛాతీలో గానీ, దవడలో గానీ, పొట్టపైన గానీ బరువనిపించినా, ఉన్నట్టుండి చల్లటి చెమట పట్టినా, ఆయాసం వచ్చినా ఎవరినీ సలహా అడగొద్దు. 108కి చెయ్యండి.