గణితం సారు లేని బడిలో చదివి బీటెక్‌కు వచ్చాను, ఎక్కడి నుంచి సరిదిద్దుకోవాలి?

మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా సర్కారు బడిలో గణితం పోస్టు ఖాళీగా ఉండడంతో, తొమ్మిది, పది తరగతుల్లో సాంఘికశాస్త్రం సారే దయతలచి లెక్కలు బోర్డు మీద రాసి చూపేవారు. త్రికోణమితి మాత్రం ముట్టుకోకుండానే మిగిలిపోయింది. ఇంటర్ బట్టీపట్టి గట్టెక్కాను. ఇప్పుడు జేఎన్‌టీయూహెచ్ సిలబస్‌లోని మొదటి ఏడాది ‘మాత్రికలు, కలనం’ పరీక్ష రెండుసార్లు తప్పాను. సమాకలనం అర్థమవుతుంది కానీ, మధ్యలో సైన్ స్క్వేర్‌ను కాస్ టూ తీటాలోకి మార్చవలసిన చోట కలం ఆగిపోతుంది. (2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ప్రకటించాక మా బడికి సారు వచ్చారు, తమ్ముళ్లకు మేలే.)

ఇలాంటి లోటుతోనే వచ్చి బ్యాక్‌లాగ్ తీర్చుకున్న నల్లగొండ, పాలమూరు వారెవరైనా ఉంటే, పదో తరగతి పుస్తకం నుంచే మొదలుపెట్టాలా లేక ఇంటర్ మొదటి ఏడాది గణితం 1ఎ పుస్తకం సరిపోతుందా, రెండో ఏడాది తరగతులు నడుస్తుండగా దీనికి రోజూ ఎంత సమయం కేటాయించారో దయచేసి చెప్పగలరా?