చిన్న లాడ్జికి సొంత వెబ్‌సైటు పెట్టుబడా, దండగ ఖర్చా?

ఎగ్మోర్ 22 గదులు:
అందరికీ నమస్కారం. ఎగ్మోర్‌లో కెన్నెత్ లేన్ పక్కన మాకో పాత లాడ్జి ఉంది. మాది నెల్లూరు. నాన్న పెట్టిన లాడ్జి, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. దిగేవాళ్ళలో ఎక్కువమంది నెల్లూరు, ఒంగోలు, కడప వైపు నుంచి ఆసుపత్రి పనుల మీద వచ్చేవాళ్ళే. అపోలో, శంకర నేత్రాలయ, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. ఆ తర్వాత పెళ్ళిబట్టలకు టీనగర్ వచ్చేవాళ్ళు.

ఒకప్పుడు సగం మంది నేరుగా కౌంటరుకు వచ్చేవారు. ఇప్పుడు ఆటో దిగి మా బోర్డు కిందే నిలబడి, ఫోన్లో యాప్ తెరిచి, మా గదే బుక్ చేసి, ఆ మెసేజ్ తెచ్చి మాకు చూపిస్తున్నారు. దానికీ మేం 20 శాతం కమీషన్ కట్టాలి.

తమ్ముడు ఒక వెబ్ కంపెనీ వాళ్ళను పట్టుకొచ్చాడు. సైటుకు 85 వేలు, ఆపైన గూగుల్లో పైకి తేవడానికీ యాడ్లకూ కలిపి నెలకు 15 వేలు అంటున్నారు. మా లెక్కలు చూసే మేనమామేమో "ఆ డబ్బుతో గదులకు రంగులేయించండ్రా, రేటింగ్ అదే లేస్తుంది" అంటాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. లాడ్జి నడిపినవాళ్ళు, వెబ్ పని తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల పురుగు:
అన్నా, కమీషన్ 20 అనుకుంటున్నావు, అది 20 కాదు. గది 1800 అనుకో. కమీషన్ 360. దాని మీద 18 శాతం జీఎస్టీ, 64 రూపాయల 80 పైసలు. మొత్తం 424.80. టీసీఎస్ అర శాతం, టీడీఎస్ 0.1 శాతం అని ముందస్తు పన్ను కూడా పట్టుకుంటారు గానీ అవి తర్వాత మన పన్నులో సర్దుబాటు అవుతాయి, వదిలెయ్.

అసలు దెబ్బ ఇంకోటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 12 నుంచి 5కు తగ్గింది కదా. అతిథికి మంచిదే. కానీ ఆ 5 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంతకుముందు కమీషన్ మీద కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ 64.80 పూర్తిగా మన జేబులోంచే. అంటే నికరంగా 23.6 శాతం. మీ మామగారిని ఈ కోణంలో యాప్ వాళ్ళు పంపే సెటిల్‌మెంట్ షీటు ఇంకోసారి చూడమను. నా ఓటు మీ తమ్ముడికే.

ఓఎంఆర్ మార్కెటింగ్:
నేను ఈ పనే చేస్తాను, అయినా మీ మామయ్యగారి పక్షం.

పై లెక్కనే తిప్పి చూడండి. నెలకు 15 వేలను 425తో భాగించండి. ప్రతి నెలా 36 రాత్రుల బుకింగ్ యాప్‌లోంచి మీ సైటుకు మళ్ళితే గానీ నెల ఫీజు కూడా రాదు. 85 వేల సంగతి ఆ తర్వాత. పైగా "అపోలో దగ్గర హోటల్" అని వెతికితే మొదట వచ్చేవి యాడ్లు, తర్వాత మ్యాపు, తర్వాత పెద్ద బుకింగ్ సైట్లు. అంతా అయ్యాక కదా మీరు. ఆ మాటకు మిమ్మల్ని పైకి తెస్తామని ఏ కంపెనీ అయినా చెబితే, రాసిమ్మనండి. ఇవ్వరు.

ఇంకో సంగతి. మీ లాడ్జి పేరే గూగుల్లో కొట్టి చూడండి. మీ పేరు మీద బుకింగ్ కంపెనీ యాడ్ పైన కనబడితే ఆశ్చర్యపోకండి. అది వాళ్ళకు మామూలు పని.

పెరియమేడు పాతకాపు:
నాయనా, నేను సెంట్రల్ దగ్గర చాలాకాలంగా లాడ్జి నడుపుతున్నా. నా కొడుకు కూడా వెబ్‌సైటు చేయించాడు. దాంట్లో విదేశీ గదుల ఫొటోలు పెట్టారు, చూస్తే నాకే అందులో దిగాలనిపించింది. బుకింగ్ మాత్రం రాలేదు. గది శుభ్రంగా ఉంచు, వేడినీళ్ళు రప్పించు, యాప్‌లో నాలుగు పైన రేటింగ్ నిలబెట్టు. యాప్ వాడు జనాన్ని తెస్తున్నాడు, వాడి కూలి వాడికియ్యి. సొంత సైటులో తక్కువ రేటు పెడితే వాడు ఊరుకోడు కూడా, అగ్రిమెంటులో ఉంటుంది.

లెక్కల పురుగు:
పెద్దాయనా, ఆ షరతు మీదే కదా గొడవైంది. సొంత సైటులో యాప్‌లో కంటే తక్కువకు ఇవ్వకూడదనే రేట్ ప్యారిటీ షరతులు, ఇంకొన్ని ఆరోపణల మీద, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223 కోట్లు, ఓయోకు 168 కోట్లు జరిమానా వేసింది. హోటళ్ళతో ఒప్పందాల్లో ఆ షరతులు మార్చమని మేక్‌మైట్రిప్‌కు చెప్పింది. కేసు అప్పీలుకు వెళ్ళిందనుకోండి. అన్నా, ముందు నీ అగ్రిమెంటు తీసి చదువు.

పెరియమేడు పాతకాపు:
కమిషన్ ఢిల్లీలో ఉంది బాబూ. నా గదులు పెరియమేడులో ఉన్నాయి. లిస్టులో మూడో పేజీకి తోసేస్తే ఏ కమిషన్‌కు పోయి చెప్పుకోను?

కావలి కొడుకు:
నేను లాడ్జి వాణ్ణి కాదు, లాడ్జిల్లో దిగేవాణ్ణి. అమ్మ కంటి ఆపరేషన్, ఆ తర్వాత రివ్యూలు, చెన్నైకి తిరుగుతూనే ఉన్నాం. మీరంతా కమీషన్ గురించి మాట్లాడుతున్నారు గానీ, మేం ఎందుకు యాప్‌లో చేస్తామో ఎవరూ అడగలేదు.

భయం అన్నా. అంతే. ఒక లాడ్జి సైటు చూసి ఫోన్ చేస్తే, వేరే ఎవరి పేరో ఉన్న నంబరుకు అడ్వాన్సు కొట్టమన్నారు. వాళ్ళు నిజంగా లాడ్జి వాళ్ళే కావచ్చు, నాకేం తెలుసు? సోమనాథ్, చార్‌ధామ్ లాంటి చోట్ల నకిలీ వసతి సైట్లు పెట్టి దోచుకుంటున్నారని 2025 ఏప్రిల్లో కేంద్ర హోంశాఖ సైబర్ విభాగమే హెచ్చరిక ఇచ్చింది. యాప్‌లో అయితే డబ్బు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది, క్యాన్సిల్ చేస్తే వెనక్కి వస్తుంది.

రెండోది, మాకు కావలసిన సమాచారం మీ సైట్లలో ఉండదు. "ఆహ్లాదకర వాతావరణం" అని ఉంటుంది. నాకు ఆహ్లాదం ఎందుకు? ఒకచోట లిఫ్టు ఉందని రాశారు. ఉంది, నిజమే. కానీ రోడ్డు నుంచి లిఫ్టు దాకా ఏడు మెట్లు, పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. కంటికి కట్టుతో అమ్మను ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం. బాత్రూం గడప ఎత్తెంత, వెస్టర్న్ టాయిలెట్టేనా, మూడో మనిషికి పరుపు వేస్తారా, తెల్లవారుజామున రైలు దిగితే గది ఇస్తారా, డాక్టరు ఇంకో రోజు ఉండమంటే అదే గది ఉంటుందా? ఇవి రాసిన లాడ్జి సైటు నాకు ఒక్కటీ తగల్లేదు. యాప్‌లో కూడా ఉండవు, కాకపోతే అక్కడ జనం రివ్యూల్లో రాస్తారు.

ఓఎంఆర్ మార్కెటింగ్:
కావలి తమ్ముడి పోస్టు దాచుకోండి. ఏ కంపెనీ ఇంత మంచి కంటెంట్ రాసివ్వదు.

పల్లావరం ట్రావెల్స్:
యాప్‌లో కనబడటం వల్ల సొంత బుకింగులు కూడా పెరుగుతాయని ఎక్కడో చదివాను. నిజమేనా?

ఓఎంఆర్ మార్కెటింగ్:
బిల్‌బోర్డ్ ఎఫెక్ట్ అంటారు. కార్నెల్ యూనివర్సిటీలో క్రిస్ ఆండర్సన్ 2009లో చేసిన అధ్యయనం. బుకింగ్ సైటులో హోటల్ కనబడినప్పుడు, ఆ సైటు ద్వారా కాకుండా వచ్చే రిజర్వేషన్లు కూడా పెరిగాయని తేలింది. యాప్ అమ్మేవాళ్ళు దీన్ని జపంలా చెబుతారు. కానీ అది అమెరికా హోటళ్ళ మీద చేసింది, అదీ స్మార్ట్‌ఫోన్ ఇంతగా లేని రోజుల్లో. అక్కడ చూసి హోటల్ సొంత సైటుకు వెళ్తే అక్కడ వెంటనే బుక్ చేసే వీలుంది. మనవాళ్ళ సైటులో ఏముంటుంది? "ఎంక్వైరీ పంపండి" అని ఒక ఫారం. దాన్ని తెరిచి చూసేవాడుండడు. అలాంటప్పుడు బిల్‌బోర్డ్ చూసినవాడు తిరిగి యాప్‌కే పోతాడు.

ఎగ్మోర్ 22 గదులు:
అందరికీ థాంక్స్. కావలి తమ్ముడి పోస్టు చూశాక రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నా. నేను ఇంతవరకు గమనించని సంగతొకటి బయటపడింది. యాప్ ద్వారా వచ్చినవాళ్ళలో చాలామంది కొత్తవాళ్ళు కాదు. క్యాన్సర్ ఫాలో-అప్‌కు మూణ్ణెల్లకోసారి వచ్చేవాళ్ళు, డయాలసిస్, కంటి రివ్యూ వాళ్ళు. మా రిసెప్షన్ కుర్రాడు పేరు పెట్టి పిలిచే మనుషులు. వాళ్ళు ప్రతిసారీ యాప్‌లోనే బుక్ చేస్తున్నారు, మేం ప్రతిసారీ కమీషన్ కడుతున్నాం. వీళ్ళను మాకు పరిచయం చేసింది యాప్ అనుకున్నా, ఒకసారి కదా చేసింది?

చెక్-అవుట్ అప్పుడు కార్డు ఇచ్చి "ఈసారి నేరుగా చేయండి, పది శాతం తగ్గిస్తాం" అనాలనుకుంటున్నా. తప్పంటారా?

పెరియమేడు పాతకాపు:
తప్పే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. వాడు పంపిన మనిషికి వాడి వెనకాల కార్డు ఇస్తావా?

లెక్కల పురుగు:
వాసాలు లెక్కపెడుతున్నది ఎవరు పెద్దాయనా? మన బోర్డు పేరు మీద యాడ్ వేసి, మన గడపలో నిలబడ్డ మనిషిని మనకే అమ్ముతున్నది ఎవరు?

ఓఎంఆర్ మార్కెటింగ్:
ఇందులో నేను మధ్యలో ఉన్నా. వచ్చిన బుకింగ్‌ను క్యాన్సిల్ చేయించి నేరుగా తీసుకోవడం మోసం, దొరికితే లిస్టింగ్ పోతుంది కూడా. బస పూర్తయ్యాక వచ్చేసారి గురించి చెప్పడం వేరు. అయినా మీ అగ్రిమెంటు ఏమంటుందో చూసుకోండి, అందరిదీ ఒకేలా ఉండదు.

అయితే రిజిస్టర్ సంగతి విన్నాక నా మాట కొంచెం సవరించుకుంటా. మీకు వెబ్‌సైటు కావాలి, కానీ ఆ కంపెనీ అమ్ముతున్న వెబ్‌సైటు కాదు. ముక్కూమొహం తెలియనివాళ్ళను తెచ్చే పని యాప్‌కే వదిలేయండి, మీ పేరు తెలిసి వెతికేవాళ్ళ కోసం మాత్రమే సైటు. దీనికి గూగుల్లో పైకి తెచ్చే నెలకు 15 వేల పని (ఎస్ఈఓ) అక్కర్లేదు. ఫోన్లో త్వరగా తెరుచుకునే నాలుగు పేజీలు, తెలుగులో, తమిళంలో. కావలి తమ్ముడు అడిగిన మెట్లు, గడప, పరుపు అన్నీ మీ ఫోన్‌తో తీసిన ఫొటోలతో. అందులోనే తేదీ ఎంచుకుని డబ్బు కట్టే బుకింగ్ ఇంజిన్. డబ్బు లాడ్జి పేరున్న ఖాతాకే పోవాలి, మీ తమ్ముడి నంబరుకు కాదు. యూపీఐకి 2020 జనవరి నుంచి ఎండీఆర్, అంటే వ్యాపారి దగ్గర ప్రతి చెల్లింపు మీద కోసుకునే రుసుము, లేదు; సైటులో డబ్బు తీసుకునే ఏర్పాటు చేసే గేట్‌వే వాడు విడిగా ఏం అడుగుతాడో మాత్రం ముందే అడగండి.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్లో, మ్యాపులో మీ లాడ్జి వివరాలు కనబడే పేజీ, మీ పేరు మీద ఉందా? లేకపోతే ఈరోజే తీసుకోండి. అందులో ఫోన్ నంబరును ఎవరైనా "ఎడిట్ సూచించు" అని మార్చే ప్రయత్నం చేయొచ్చు, వారానికోసారి చూసుకోవాలి. మీ రేటు కూడా గూగుల్ హోటల్ జాబితాలో యాప్‌ల పక్కన ఉచితంగా కనబడేలా చేసుకోవచ్చు, 2021 నుంచి ఆ వీలుంది. దానికి మీ బుకింగ్ ఇంజిన్ గూగుల్‌తో కలిసి పనిచేసేదై ఉండాలి. కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

కావలి కొడుకు:
అన్నా, పది శాతం తగ్గింపు మాట పక్కన పెట్టు. తెల్లవారుజామున ఐదింటికి గది ఇస్తానను, డాక్టరు ఆపితే ఇంకో రాత్రి అదే గది నాదే అను. యాప్ ఇవ్వలేనిది అదే. ఆ ఒక్కటి రాసిపెడితే నేను నేరుగానే చేస్తా.

ఎగ్మోర్ 22 గదులు:
ఐదింటికి గది అంటే ముందు రాత్రి దాన్ని ఖాళీగా ఉంచాలి తమ్ముడూ, అది కష్టం. కానీ రెండు గదులు అలా పక్కన పెట్టగలం. రోడ్డు మెట్లకు కమ్మీ రేపే వేయిస్తున్నా, మా దగ్గరా ఐదు మెట్లున్నాయి. 15 వేల వాళ్ళకు వద్దని చెప్పేశా, మా తమ్ముడు అలిగాడు. మామయ్యకు 23.6 లెక్క చూపించా, ఆయన కాసేపు మాట్లాడలేదు.

పెరియమేడు పాతకాపు:
అన్నీ బాగానే ఉన్నాయి. సైటులో ఒకడు, యాప్‌లో ఒకడు, ఇద్దరూ రాత్రి రెండింటికి ఒకే గది బుక్ చేసి వస్తే నీ నైట్ డ్యూటీ కుర్రాడు ఏం చేస్తాడు?

ఓఎంఆర్ మార్కెటింగ్:
మంచి ప్రశ్న. దానికే ఛానల్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేరు, ఒకచోట గది నిండితే మిగతా అన్నిచోట్లా మూసేస్తుంది. ఇంజిన్, మేనేజర్ రెండూ ఒకే కంపెనీ దగ్గర తీసుకోండి, విడివిడిగా కొని అతికించొద్దు. ప్రతి బుకింగ్ మీద శాతం అడిగేవాళ్ళున్నారు, నెలకు ఇంత అని తీసుకునేవాళ్ళున్నారు. మీకు పాత అతిథులే ఎక్కువ కాబట్టి నెల లెక్కే నయం. కౌంటరుకు నేరుగా వచ్చినవాడికి గది ఇచ్చిన నిమిషంలోనే కుర్రాడు సిస్టంలో ఎక్కించాలి. అది మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చేయదు, మీరే నేర్పాలి.