రోజూ నడిపే కారుకు ఓపెన్ ఎయిర్ ఫిల్టరు పెట్టించవచ్చా?

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట)

అందరికీ నమస్కారం. నాది 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేదు. ఉద్యోగం చిత్తూరులో, రోజూ కారులోనే వెళ్లి వస్తాను. సెలవు రోజున ఇంటిల్లిపాదీ ఏసీ వేసుకుని తిరుమలకు బయలుదేరితే ఘాట్ రోడ్డులో బండి లాగనని మొండికేస్తోంది. ఒక దుకాణంలో పాత ఫిల్టరు బాక్సు తీసేసి, అల్యూమినియం గొట్టం, దాని చివర బాక్సు లేకుండా తెరిచి ఉండే కోన్ ఫిల్టరు బిగిస్తామంటున్నారు. 10 హార్స్‌పవర్ పెరుగుతుందట, మైలేజీ కూడా వస్తుందట. మా బావమరిదేమో బాక్సు కదపవద్దు, కడిగి మళ్లీ వాడుకునే నూలు ఫిల్టరు అందులోనే పెట్టించు అంటున్నాడు. ఏది మేలు? రెండూ దండగే అన్నా బాధ లేదు, కారణం మాత్రం చెప్పండి.

జవాబు (చంద్రగిరి)

కోన్ ఫిల్టరు వద్దు. నూలు ఫిల్టరు పెట్టుకుంటే నష్టం లేదు, అయితే దానివల్ల ఘాట్ రోడ్డులో తేడా తెలుస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

మీ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి 1.2 లీటర్ల గాలి పీలుస్తుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగినా లెక్క ప్రకారం 3,600 లీటర్లే. చిత్తూరు రోడ్డులో మామూలుగా వెళ్లేటప్పుడు చుట్లు అందులో సగం కూడా ఉండవు, పైగా థ్రోటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) సగం కూడా తెరుచుకోదు. అంటే గాలిని అడ్డుకుంటున్నది ఫిల్టరు కాదు, మీ పాదం నడిపే ఆ తలుపు. ఆ తలుపు పూర్తిగా తెరిచి ఇంజిన్‌ను పై చుట్లకు తీసుకెళ్లినప్పుడే ఫిల్టరు మార్పు ప్రభావం కొద్దిగానైనా ఉంటుంది. దాదాపు 85 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ మరో 10 ఇవ్వాలంటే సుమారు 12 శాతం ఎక్కువ గాలి కావాలి. శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టరు 12 శాతం గాలిని మింగి కూర్చోదు కదా, అంత గాలి ఎక్కడినుంచి వస్తుంది?

ఇక వేడి. బానెట్ ఎత్తి చూడండి. ఫిల్టరు బాక్సు నుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం ముందు గ్రిల్ దగ్గరకో, ఫెండర్ లోపలికో వెళ్తుంది. బయటి చల్లగాలి వచ్చే దారి అదే. మన ఊళ్లో మే నెలలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బానెట్ కింద 70 ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆ 30 డిగ్రీల తేడాకు గాలి సాంద్రత దాదాపు 9 శాతం పడిపోతుంది. వేడిగాలి లోపలికి వెళ్తే ఇంజిన్ నాక్ కాకుండా (పెట్రోలు తనంతట తానే మండి టకటక కొట్టకుండా) కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, వెనక్కి జరుపుతుంది, అక్కడ ఇంకొంత బలం పోతుంది. రేడియేటర్ వెనక కోన్ ఫిల్టరు పెట్టడమంటే వేసవి మధ్యాహ్నం వంటింటి పొయ్యి పక్కన కూర్చుని గాలి పీల్చుకోవడమే. చుట్టూ రేకు అడ్డం పెట్టి, బయటినుంచి గొట్టం వేస్తే కొంత నయం. అప్పుడు మీరు డబ్బు పెట్టి తయారు చేయించుకున్నది కంపెనీ ఉచితంగా ఇచ్చిన బాక్సునే.

పికప్ పెరిగింది అని అందరూ ఎందుకంటారు అంటారా? శబ్దం. కంపెనీ గొట్టంలో చప్పుడు తగ్గించే గది ఉంటుంది. దాన్ని తీసేయగానే ఇంజిన్ గాలి లాగే గర్జన లోపలికి వినిపిస్తుంది, వేగం పెరిగినట్టు అనిపిస్తుంది. కొన్ని బండ్లలో ఆ గది తీసేస్తే తక్కువ చుట్లలో లాగే శక్తి తగ్గుతుంది కూడా. ఘాట్ రోడ్డులో మీకు కావలసింది సరిగ్గా ఆ శక్తే.

మైలేజీ మాట నమ్మవద్దు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షించి చూసింది. ఈ కాలపు ఇంజెక్షన్ కార్లలో ఫిల్టరు బాగా మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంతగా మారలేదు, పికప్ మాత్రం తగ్గింది. గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోలు కూడా తగ్గిస్తుంది కాబట్టి. ఉన్న ఫిల్టరు మురికిదైతే మార్చండి, కొన్ని వందలతో పోతుంది.

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట)

అన్న చెప్పిందానికి దుమ్ము సంగతి కలపాలి. మన జిల్లాలో గ్రానైట్ లారీలు, ఎక్స్‌ప్రెస్ వే పనులు, మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే ట్రాక్టర్లు. ఈ దుమ్ములో సిలికా ఉంటుంది. అది సిలిండర్ గోడలను, రింగులను అరగదీస్తుంది. ఒక్కరోజులో బయటపడదు, కొన్నేళ్ల తర్వాత ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టినప్పుడు తెలుస్తుంది. గాలి సులువుగా పోనిచ్చే ఫిల్టరు సన్న దుమ్మును కూడా కొంత ఎక్కువగా పోనిచ్చే అవకాశం ఉంది. అందుకే రోజూ తిరిగే నా బండికి నేను కాగితపు ఫిల్టరే వాడతాను.

నూలు ఫిల్టరే కావాలంటే పేరున్నది కొనండి, నకిలీలు చాలా ఉన్నాయి. కడిగాక నీడలో పూర్తిగా ఆరనివ్వాలి, దుమ్మును పట్టుకోవడానికి దానికి రాసే నూనెను మడతల వెంట సన్నగా రాయాలి. ఎక్కువైతే ఆ నూనె గాలిలో కొట్టుకుపోయి ఎయిర్ ఫ్లో సెన్సార్ తీగకు అంటుకుంటుంది, రీడింగ్ తప్పుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. చాలా డీజిల్ బండ్లలో ఈ సెన్సార్ ఉంటుంది. మీ పెట్రోలు బండిలో ప్రెషర్ సెన్సార్ మాత్రమే ఉంటే ఈ భయం లేదు. మెకానిక్‌ను అడిగితే ఒక్క చూపులో చెబుతారు.

ఇంకొకటి. షెడ్డులో కాగితపు ఫిల్టరును కంప్రెసర్ గాలితో ఊదేస్తుంటారు. దుమ్ము ఎగిరిపోతుంటే చూడటానికి బాగానే ఉంటుంది, కాగితంలో మాత్రం కంటికి కనిపించని చీలికలు పడవచ్చు. ఊదించవద్దు, మార్పించండి.

జవాబు (తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డు)

నేను కోన్ ఫిల్టరు పెట్టించుకున్నవాడిని. శబ్దం కోసమే పెట్టించాను, ఇప్పటికీ ఇష్టమే. అయితే అది నా రెండో కారు, వానలో బయటికి తీయను. మీది రోజువారీ బండి. బంపర్ కింద ఫిల్టరు వచ్చే కిట్టు జోలికి అసలు పోవద్దు. 2021 నవంబరు వరదల్లో మన ఊరి రోడ్లు ఎలా ఉన్నాయో మరచిపోయారా? మామూలు వానకే రైల్వే అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. ఫిల్టరు నీటిలో మునిగితే ఇంజిన్ నీళ్లు లాగుతుంది. నీరు గాలిలా కుదించుకోదు, పిస్టన్‌ను షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని మామూలు పాలసీలో ఇలాంటి నష్టానికి సాధారణంగా పైసా రాదు.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మరి ఘాట్ రోడ్డులో లాగకపోవడానికి ఏం చేయాలి?

జవాబు (చంద్రగిరి)

కొంత కొండది, కొంత బండిది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. తిరుపతితో పోలిస్తే అక్కడ గాలి ఆరేడు శాతం పలుచన, టర్బో లేని ఇంజిన్ ఆ మేరకు నష్టపోతుంది. దానికి ఏ ఫిల్టరూ మందు కాదు. మూడో గేరులో ఈడ్చకుండా రెండో గేరుకు దించి చుట్లు పైకి రానివ్వండి. నిలువు ఎక్కుడులో కాసేపు ఏసీ ఆపండి. టైర్లలో గాలి చూసుకోండి. ఎలాగూ ఘాట్ రోడ్డులో తొందరపడి చేసేదేమీ లేదు, నిర్ణయించిన కనీస ప్రయాణ సమయం కన్నా ముందే పైకి చేరితే టీటీడీ వాళ్లు జరిమానా వేస్తారు.

ఇక బండి సంగతి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫిల్టరు బాక్సు క్లిప్పులన్నీ పడ్డాయా, గొట్టాలు ఊడలేదా చూడండి. ఫిల్టరు దాటిన తర్వాతి గొట్టం విప్పి లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ మీద గరగర తగిలితే దుమ్ము పక్కనుంచి దూరుతున్నట్టే. ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌కు తగిలించి సెన్సార్ల రీడింగులు చూసే పరికరం) ఎవరి దగ్గరైనా దొరికితే, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత చూడండి. ఆగినప్పుడు పెరుగుతుంది, రోడ్డెక్కాక కొద్దిసేపటికి బయటి ఉష్ణోగ్రతకు దగ్గరగా దిగాలి. దిగకపోతే ఎక్కడో వేడిగాలి లాగుతోంది.

అడిగినవారు

చూశాను. గ్రిల్ దగ్గరకు వెళ్లే గొట్టం బాక్సు నుంచి ఊడి, బ్యాటరీ పక్కన వాలిపోయి ఉంది! గత సర్వీసులో ఫిల్టరు మార్చినప్పుడు మళ్లీ బిగించలేదేమో. మూత క్లిప్పు ఒకటి కూడా తెరిచే ఉంది, ఆ పక్క ఫిల్టరు రబ్బరు అంచు మడతపడి ఉంది. గుడ్డతో తుడిస్తే ఎర్రటి సన్నపొడి వచ్చింది. స్నేహితుడి రీడర్ పెట్టి చూస్తే చంద్రగిరి దాటాక కూడా బయటికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపించింది. గొట్టం బిగించాక నాలుగైదు డిగ్రీల తేడాకు దిగింది.

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట)

అయితే కోన్ ఫిల్టరు లేకుండానే దాని వేడి మీకు దక్కిందన్నమాట. రబ్బరు అంచు ఒకసారి మడతపడితే మళ్లీ సరిగా కూర్చోదు, కొత్త ఫిల్టరు వేయండి. వేసే ముందు బాక్సు అడుగున ఉన్న దుమ్మును తడిగుడ్డతో తీయండి, గాలితో ఊదవద్దు, అది నేరుగా ఇంజిన్ వైపు పోతుంది. క్లిప్పు విరిగి ఉంటే తీగతో కట్టేయకుండా కొత్తది తెప్పించండి.

అడిగినవారు

చివరిగా ఒకటి. బావమరిది నూలు ఫిల్టరు బహుమతిగా ఇస్తానంటున్నాడు. పోలీసులతో చిక్కులేమైనా ఉంటాయా?

జవాబు (చంద్రగిరి)

బాక్సులో ఫిల్టరు మార్చడం ఆర్సీలోని వివరాలను మార్చదు, భయం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకునేది ఆర్సీ వివరాలకు, కంపెనీ నిర్దేశాలకు తేడా వచ్చే మార్పులను. 2019 సవరణ తర్వాత 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. వారంటీ ఇంకా ఉంటే మాత్రం షోరూమ్‌లో ముందే అడగండి. బహుమతి వద్దనకండి, తీసుకోండి. కంపెనీ ఫిల్టరు దాచి ఉంచి, నూలుది బిగించిన కొన్నాళ్లకు అదే తెల్లగుడ్డతో మళ్లీ తుడిచి చూడండి. పొడి కనిపిస్తే కాగితానిదే తిరిగి వేసేయండి, బావమరిదికి చెప్పనక్కర్లేదు.