బోదెలో పడి మా అన్నయ్య కొడుకు పోయాడు, వదినకి ఏం చెప్పాలి?

లాకుల సెంటర్ (ప్రశ్న):
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. జూన్ మొదట్లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలారు, మూడో రోజుకి మా పెరటి వెనక బోదెలోకి, అంటే చిన్న పంటకాలువలోకి, వచ్చేశాయి. వేసవంతా కాలువలు కట్టేసి ఉంటాయి కదా, నెలన్నరగా వాడు ఆ ఎండిన బోదెలోనే మట్టితో ఆడుకున్నాడు. రెండున్నరేళ్లు. అన్నయ్య ఆకుమడి దమ్ము చేయిస్తున్నాడు, వదిన అన్నం వార్చడానికి లోపలికెళ్లింది, అంతే. పెద్దవాళ్లకి మోకాలి లోతు నీళ్లు. తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పారట, కడుపు నొక్కారట, ఒకాయన ఉప్పులో కప్పితే బతుకుతాడని వాట్సాప్‌లో చూశానని ఉప్పు బస్తా తెమ్మన్నాడట. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి అరగంట.

చిన్నపిల్లాడని పాతిపెట్టారు, పెద్దకర్మ లేదు. నాలుగో రోజుకే చుట్టాలంతా వెళ్లిపోయారు. పెద్దవాళ్లు పోతే పదకొండు రోజులు ఇల్లు మనుషులతో నిండి ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. "తల్లి చూసుకోవద్దా" అని ఊరంతా అంటున్నారు, మా అమ్మతో సహా. వదిన ఏడవడం లేదు, ఫోన్లో ఒకటే అడుగుతోంది: కేక వేసుంటే వినపడేది కదా, ఎందుకు వెయ్యలేదు?

తెల్లకోటు:
పిల్లల వార్డులో నర్సుగా చేశానండి. ఆవిడ అడిగినదానికి జవాబుంది, ముందు అది చెప్పండి. మునిగేవాళ్లు అరవలేరు. నోరు నీళ్లపైకి వచ్చిన కాసేపూ గాలి పీల్చుకోవడానికే సరిపోదు, ఇంక కేక ఎక్కడినుంచి వస్తుంది? ఆ వయసు పిల్లలకి తల బరువు, ముందుకి తూలితే లేవలేరు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నా ఏ కేకా వినపడేది కాదు.

ఇది చదివే మిగతావాళ్లకి: తిప్పడం, కడుపు నొక్కడం వద్దు, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పు సంగతి ఒట్టి బూటకం. ఊపిరి లేకపోతే ముందు నోట్లోకి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ మధ్యమధ్యలో మళ్లీ ఊదాలి. ఆ లోపు ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. బిడ్డ తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఉండి రొయ్య:
మాది ఉండి వైపు, రొయ్యల చెరువులు. మా పాలేరు పాప అలాగే పోయింది, అప్పుడు గానీ మేం గట్టు చుట్టూ వల కట్టలేదు, సిగ్గుగానే చెప్తున్నా. పీతలు రాకుండా కట్టుకుంటాం, పక్షులు వాలకుండా పైన తాళ్లు లాగుతాం, పిల్లలు వెళ్లకుండా మాత్రం ఎవరికీ గుర్తురాదు. అంగన్‌వాడీ బడికి మూడేళ్లు నిండాలంటారు, ఊడ్పుల్లో తల్లులు చేలో ఉంటే ఆ లోపు పిల్లలు ఎక్కడుంటారు, గట్టు మీదేగా.

కొబ్బరాకు:
బాబూ, నా కూతురు పోయి ముప్పై ఏళ్లు, అదీ కాలువే. నాకు కావలసింది ఎవరైనా దాని పేరు పలకడం. అందరూ దాని గౌన్లు దాచేసి, ఆ ఊసే ఎత్తకుండా జాగ్రత్తపడ్డారు. మీ వదినతో వాడి గురించి మాట్లాడు, అల్లరి గురించి మాట్లాడు. ఆవిడ నోరెత్తకపోయినా పరవాలేదు, పక్కన కూర్చో. మీ అమ్మగారికి మాత్రం గట్టిగా చెప్పాలి, అది నువ్వే చెయ్యాలి, అన్నయ్య చెయ్యలేడు. తిండీ నిద్రా బొత్తిగా పోతే 14416కి (టెలి మానస్, మనసు బాగాలేనివాళ్లకి సాయం చేసే ఫోన్ లైన్) చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు.

లాకుల సెంటర్:
శనివారం వెళ్లొచ్చాను. నర్సుగారు రాసింది అమ్మ ముందే చదివాను. వదిన రెండోసారి చదవమంది, చదివాక లోపలికెళ్లి చాలాసేపు ఏడ్చింది. అమ్మ ఏమీ అనలేదు, వెనకే వెళ్లింది.

అన్నయ్య బోదె పొడుగునా దడి కడుతున్నాడు. ఇంక ఎవరికోసంరా అని ఎవరో అడిగితే, పక్కింటి పిల్ల పాకుతోంది అన్నాడు.