భుజం ఆపరేషన్ తర్వాత రాత్రిళ్లు ఎలా పడుకోబెట్టాలి?

నమస్కారం అండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా ఆవిడకి కుడి భుజంలో రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాల పట్టీ) చిరిగితే కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాలు పెట్టి చేసేది) చేశారు. ఆరు వారాలు స్లింగ్ (చేతిని మెడకి వేలాడదీసే పట్టీ) వేసుకోవాలి, ఆ చేత్తో మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తకూడదన్నారు. ఇంట్లో మేమిద్దరమే. వంట, జడ వేయడం నేనే చూసుకుంటున్నాను. ముందు గుండీలున్న వదులు నైటీ ఆ చేతికే మొదట తొడిగి, విప్పేటప్పుడు ఆ చేతిది చివర్లో తీస్తున్నాం. అది బాగా కుదిరింది.

కష్టమంతా రాత్రిళ్లే. వెల్లకిలా పడుకుంటే భుజం లాగేస్తోందట. వాలుకుర్చీలో మోచేతి కింద దిండు పెడితే కాసేపు నిద్రపోతుంది, తర్వాత నడుము నొప్పి. తను మూలుగుతుంటే నాకూ నిద్ర రాదు. మంచం మీదే దిండ్లు ఎలా పేరిస్తే వాలుగా, జారిపోకుండా ఉంటుంది?

పైగా మన గుంటూరు ఎండలు! చంకలో చెమట పట్టి చర్మం ఒరుసుకుపోయింది. ముందుకు వంగి చేయి వదులుగా వేలాడేస్తే తుడవొచ్చని ఫిజియో చూపించారు కానీ, కుట్లు ఊడతాయేమోనని తనకి భయం. ఈ ఆపరేషన్ అయినవాళ్లు, వాళ్లని చూసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ భయం ఎలా పోగొట్టారో, రాత్రి నొప్పి ఎప్పటికి తగ్గిందో దయచేసి చెప్పండి.