యూమెనిడీస్‌ని తెలుగులో ఏమందాం?

గ్రీకు పురాణాల్లో ఎరిన్యులని పగబట్టే దేవతలున్నారు. కన్నవాళ్ళని చంపినవాణ్ణి, ఒట్టు తప్పినవాణ్ణి వెంటాడి పిచ్చెక్కించడం వాళ్ళ పని. ఆ పేరుకి "ప్రతీకార దేవతలు" సరిపోతుంది, పేచీ లేదు. చిక్కల్లా వాళ్ళ రెండో పేరుతోనే. యూమెనిడీస్ అంటే దయగల మనసున్నవాళ్ళు! దాన్ని కూడా ప్రతీకార దేవతలనేస్తే పేరులో ఉన్న భయం కాస్తా పోతుంది.

ఆ భయం మనకి తెలియనిదా? మశూచి వస్తే "అమ్మవారు పోసింది" అన్నాం. పాము కరిస్తే "పురుగు ముట్టింది" అంటాం. మా అమ్మమ్మ డబ్బా అడుగు గీకుతూ కూడా "బియ్యం నిండుకున్నాయిరా" అనేది తప్ప, అయిపోయాయని ఒక్కనాడూ అనలేదు. సోఫొక్లీస్ నాటకంలో గుడ్డి ఈడిపస్ కొలోనస్‌లో తెలియక ఈ దేవతల తోపులో కూర్చుంటాడు. వాళ్ళ పేరెత్తాలంటేనే మాకు వణుకు, అంటారు ఊరివాళ్ళు. అటు చూడకుండా, నోరు విప్పకుండా దాటిపోతారట.

ఇక మాట సంగతి. గ్రీకు "యూ"కి సంస్కృతంలో తోబుట్టువు "సు", "మెనోస్"కి "మనస్". రెండూ కలిపితే సుమనస్! అమరకోశం వల్లెవేసినవాళ్ళకి దేవతల పేర్లలో "సుపర్వాణః సుమనసః" గుర్తుండే ఉంటుంది. కాబట్టి నా ఓటు "సుమనసులు"కే.

జవాబు: వ్యుత్పత్తి భేషుగ్గా ఉంది గానీ, సుమనసులంటే పూలు కూడా కదండీ? పూలదండ గుర్తొస్తే ఇంక వణుకెక్కడిది? "చల్లని తల్లులు" అనండి, మా ఊళ్ళో అయితే చెప్పులు విడిచి దణ్ణం పెడతారు.

పూల మాట మరిచేపోయానండీ. మీ మాటే ఇస్కిలస్ "యూమెనిడీస్" నాటకానికి (క్రీ.పూ. 458) బాగా అతుకుతుంది. తల్లిని చంపిన ఓరెస్టీస్‌ని వీళ్ళు ఏథెన్స్ దాకా తరుముతారు. అక్కడ విచారణలో ఓట్లు సమానమై, ఆ ఊరి దేవత అథీనా మొగ్గుతో అతను బయటపడతాడు. వీళ్ళు భగ్గుమంటారు. అప్పుడు అథీనా ఎంతో ఓపిగ్గా బతిమాలి, ఊళ్ళోనే నెలవూ పూజలూ ఇస్తానని ఒప్పిస్తుంది. తమాషా ఏమిటంటే, మనకి దక్కిన ఆ నాటకం పాఠంలో యూమెనిడీస్ అన్న మాట ఎక్కడా లేదు, పేరులో తప్ప. సరే, అట్ట మీద "చల్లని తల్లులు", సుమనసులు పీఠికలోకి.